గొలుసుకు కట్టిన బరకం

నేను ఒక బరకం ముక్కను. పట్నం వాళ్లు టార్పాలిన్ అంటారు. భీమవరంలో లారీ షెడ్ల పక్కన, కాసిం దుకాణంలో పుట్టాను. నాతోపాటు కుట్టిన బరకాలన్నీ వడ్ల బస్తాలు కప్పడానికి వెళ్లిపోయాయి. నా నొసట మాత్రం ఒక సైకిలును కప్పమని రాసి ఉంది.

అది మామూలు సైకిలు కాదు. ముందొకరు, వెనకొకరు కూర్చుని ఇద్దరూ కలిసి తొక్కే జోడు సైకిలు. దాన్ని వెతికి వెతికి కొన్నది వరహాలు గారు, ఇంట్లో జాకెట్లు కుట్టే మనిషి. కొన్నది భర్త కోసం. ఆయన, కనకాద్రి గారు, ఉద్యోగం ఉన్నంతకాలం బస్సు నడిపారు. తర్వాత కళ్లకు నీటికాసుల జబ్బు వచ్చి చూపు కొంచెం కొంచెంగా పోయింది. బస్సెడు జనాన్ని గమ్యం చేర్చిన మనిషి, ఇంకొకరి చెయ్యి పట్టుకుని నడవడానికి ఒప్పుకోక వీధి గుమ్మం దాటడం మానేశారు. చెయ్యి పట్టుకోనక్కర్లేకుండా, సగం బలం ఆయనదే అయ్యేలా బయటికి తీసుకెళ్లే దారి ఆవిడ కనిపెట్టారు. మనుషులు ఒకరి కోసం ఒకరు ఇంత దూరం ఆలోచిస్తారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆయన ఒప్పుకున్నారు గానీ, ఒక షరతు పెట్టారు.

"మన ఊళ్లో ఎక్కను. నేను ఎనక సీట్లో కూచోడం నా బస్సెక్కినోళ్లంతా సూడక్కర్లేదు."

"అయితే పేరుపాలెం బీచి రోడ్డుకెళ్దాం. అక్కడ సరుగుడు చెట్లు తప్ప ఎవరూ చూడరు," అన్నారావిడ.

కారు ఆవిడే నడుపుతారు. చూపు కాస్త మిగిలి ఉన్న రోజుల్లో ఆయనే నేర్పించారు. సైకిలును కారు నెత్తి మీది క్యారియర్‌కు బిగించాలి, దుమ్మూ బురదా పడకుండా పైన ఏదైనా కప్పాలి. అందుకే కాసిం దగ్గరికి వచ్చారు.

"కాస్త బిగుతుగా కుట్టు కాసిం," అన్నారు వరహాలు గారు.

"బరకం వదులుగానే ఉండాలమ్మా. లారీకైనా, సైకిలుకైనా అదే లెక్క," అన్నాడు కాసిం. లారీకి కుట్టినట్టే కుట్టాడు. నేనూ నా వెడల్పు చూసుకుని మురిసిపోయాను.

ఆ మురిపెం ఊరు దాటేదాకా కూడా నిలవలేదు. వడ్ల బస్తాల మీద అయితే నాకు ఆనుకోవడానికి బరువుంటుంది. సైకిలులో ఉన్నదంతా ఖాళీయే. ఆ ఖాళీలోకి గాలి దూరి నన్ను బుట్టలా పొంగించింది. నేను టపటపా కొట్టుకుంటుంటే కారులోంచి ఆయన గొంతు వినిపించింది.

"పైన ఏదో కొట్టుకుంటంది సూడు."

"బరకమేలెండి."

మొగల్తూరు దాటాక ముందు ఒక చేపల లారీ. దాని అడుగునుంచి ఐసు కరిగిన ఉప్పునీళ్లు రోడ్డంతా కారుతున్నాయి. చక్రాలు వాటిని మట్టితో కలిపి మా మీదికి చిమ్మాయి. నా అంచు లేచి ఉండటంతో ఆ బురదంతా లోపలికి పోయింది. ఇక నేను చేసిందల్లా దాన్ని సైకిలుకు పూసి రుద్దడమే. కాపలాకు పెట్టినవాడే దొంగకు తలుపు తీసినట్టయింది.

బీచి రోడ్డు మీద కనకాద్రి గారు వెనక సీటెక్కి పెడలు మీద కాలు వేశారు. గొలుసు కరకరలాడింది. మనకైతే అది బురద చప్పుడు. ఎదురుగా ఏముందో కనపడని మనిషికి ఆ చప్పుడే రోడ్డు, ఆ చప్పుడే బండి. ఆయన కాలు కింద పెట్టేశారు.

"ఇలాటి సౌండొచ్చే బండిని నేను డిపో గేటు దాటించేవోణ్ణి కాదు. ఎల్దాం పద."

తిరుగు దారిలో మళ్లీ అన్నారు. "ఇంకొక్కసారి సూద్దాం వరహాలూ. మళ్లీ అదే సౌండొస్తే దాన్నెవరికన్నా ఇచ్చేద్దాం. నన్నింక అడగొద్దు."

ఇంటికి రాగానే ఆవిడ గొలుసు కడిగి నూనె వేశారు. నన్ను అరుగు మీద పరిచి, కత్తెర తీసుకుని చాలాసేపు సైకిలునే చూస్తూ కూర్చున్నారు. జాకెట్టు కొలతలు తీసే మనిషి కదా, ఒంటికి ఎక్కడ ఏం కావాలో చూస్తారు. చివరికి నాలో పెద్ద భాగాన్ని పక్కన పడేశారు. మిగిలిన దానితో రెండు సీట్లకూ టోపీలు, గొలుసు పొడవునా ఒక సన్నటి గొట్టం కుట్టారు. గొట్టానికి లోపల ఆయన పాత ఖాకీ చొక్కా గుడ్డ వేశారు, ఒరుసుకోకుండా. కింద మూసుకునేలా బొందులు పెట్టారు.

"మిగతాదంతా వదిలేశావేటి?" అన్నారాయన, నన్ను తడిమి చూసి.

"బురద కడ్డీల మీద పడితే గుడ్డ పెట్టి తుడుస్తానండి. గొలుసులోకి పోతేనే కదా గొడవ."

"అయితే సైకిలుకి లంగా కుట్టావన్నమాట."

"నవ్వింది చాలుగానీ, ఆ బొందులు మీరే కట్టండి. నా ముడి వదులు."

ఆయన కట్టారు. ఒక్కొక్క ముడినీ బొటనవేలితో నొక్కి చూసుకుంటూ కట్టారు. అలాంటి చేతుల్లో బిగుసుకోవడం కూడా ఒక సుఖమే.

రెండోసారి వెళ్లేటప్పుడు వాన కూడా పడింది. లారీలు చిమ్మిన నల్లటి బురదంతా నా వీపు మీదే ఆగింది. గాలికి నేను కదలలేదు, కదిలే వీలే లేదు. బీచి రోడ్డు చేరాక వరహాలు గారు ముడులు విప్పి, చేత్తో పెడలు తిప్పారు. కనకాద్రి గారు గొలుసు దగ్గరికి వంగి చెవి పెట్టారు. నూనె తాగిన గొలుసు జారే మెత్తని సవ్వడి తప్ప ఇంకేమీ లేదు. ఆయన చాలాసేపు అలాగే వంగి ఉన్నారు. ఆవిడ తిప్పడం ఆపలేదు.

ఇద్దరూ ఎక్కారు. ముందున్న ఆవిడ హ్యాండిలు పట్టుకుని, "తొక్కుతారా?" అని అడిగారు.

వెనక నుంచి ఆయన సీటు కడ్డీ మీద రెండుసార్లు తట్టారు. "రైట్, రైట్."

సైకిలు కదిలింది. కారు ముందు భాగం మీద పడి ఉన్న నాకు వాళ్లు సరుగుడు తోట మలుపు దాకా కనిపించారు. ఆ తర్వాత ఆయన ఏదో ఊరి పేరు చెప్పి 'దిగేవాళ్లున్నారా' అనడం, ఆవిడ నవ్వడం వినిపించింది.

తిరిగొచ్చాక కొళాయి దగ్గర నన్ను ఆయనే కడిగారు. వరహాలు గారు పక్కన నిలబడి నీళ్లు చూస్తున్నారు.

"బురద ఎంత నల్లగా పోతోందోనండి."

"పోనీ," అన్నారాయన, నా మడతలు వేళ్లతో తెరిచి కడుగుతూ. "అదంతా మన గొలుసులోకెళ్లాల్సింది."