తొమ్మిదో రోజు పిండిన వైన్

వైన్ గ్లాసులు కడగడానికి సబ్బు వాడకూడదు. చెయ్యి కాలేంత వేడినీళ్ళలో ముంచి, తలకిందులుగా పట్టుకుని ఆవిరి పోనిచ్చి, పాత నార దుప్పటి చింపిన గుడ్డతో తుడవాలి. కొత్త గుడ్డయితే పీచు అంటుకుంటుంది. బీరువాలో మడిచిపెట్టిన గుడ్డయితే బీరువా వాసన అంటుకుంటుంది. పెళ్ళయిన రెండోరోజు మా అత్తగారు ఒడెట్ నాకు నేర్పిన మొదటి పని ఇది. ఇరవయ్యారేళ్ళ తర్వాత ఒక మార్చి మధ్యాహ్నం నేను ముప్పయ్యో గ్లాసు తుడుస్తుంటే నా భర్త రెజిస్ వంటింటి గుమ్మంలో నిలబడి, "నాలుగింటికల్లా ఆయన వచ్చేస్తాడు గిలెన్. జున్ను బన్నులు వేడివేడిగా కిందికి పట్టుకురా. మాట్లాడాల్సి వస్తే వాన గురించి మాట్లాడు" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. రెజిస్ నన్ను ఎప్పుడూ తిట్టలేదు. ఇరవయ్యారేళ్ళలో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అందుకే నాకేం జరుగుతోందో నాకే తెలియడానికి అంతకాలం పట్టిందేమో.

వస్తున్నది పారిస్ నుంచి లెస్క్యూర్ అనే పత్రికాయన. మా బర్గండీ కొండవాలు మీద ఆయన ఒక మంచి మాట రాస్తే ఆ ఇంటి సీసాల కోసం జనం వరసలో నిలబడతారు. రెజిస్ వారం రోజులుగా నేలమాళిగ కడిగించి, పీపాల మీద బూజు దులిపించి, బూజు మరీ లేకపోయినా బాగుండదని ఒక మూల మాత్రం వదిలేశాడు.

అత్తగారు నేర్పిన రెండో సంగతి ఏమిటంటే, నెలలో ఆ మూడు రోజులూ ద్రాక్ష పులియబెట్టే తొట్టి గదిలోకి వెళ్ళకూడదు. "ద్రాక్ష పులుస్తున్నప్పుడు నువ్వు గడప దాటావంటే వైన్ కాస్తా వెనిగర్ అవుతుంది" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆ శరదృతువులో ద్రాక్ష కోయడానికి వచ్చిన ఇరవై మంది భోజనాలకి కూర్చున్నప్పుడు, నేను మాంసం కూర గిన్నె చేత్తో పట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతుంటే, రెజిస్ అందరికీ వినపడేలా, "ఇవాళ మా ఆవిడకి తొట్టి గది సెలవు" అన్నాడు. బల్లంతా నవ్వింది. నేను వడ్డిస్తూనే ఉన్నాను. ఆ తర్వాత ప్రతి ఏడూ కోతలప్పుడు నా తేదీలు నాకంటే ముందు ఇంట్లో వాళ్ళకే తెలిసేవి. నలభై తొమ్మిదో ఏట నాకది ఆగిపోయిందని తెలిసినప్పుడు మా అత్తగారు, "పోన్లే, ఇక పనికి అడ్డం ఉండదు" అంది.

కానీ పని ఎప్పుడు ఆగింది గనక. మా నాన్న బోన్ అనే ఊళ్ళో పీపాలు చేసేవాడు. ఓక్ చెక్కల్ని వంచడానికి లోపల మంట పెట్టినప్పుడు నన్ను పిలిచి, "వాసన చూసి చెప్పు, చాలా, ఇంకా కాలాలా?" అని అడిగేవాడు. ఆరేళ్ళ పిల్లని. నేను చాలంటే మంట ఆర్పేవాడు. ఆ ముక్కు సంగతి పెళ్ళయిన మొదటి చలికాలంలోనే రెజిస్‌కి తెలిసిపోయింది. ఒక ఉదయం నేను ఉల్లిపాయలు కోస్తుంటే రెండు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏది?" అన్నాడు. నేను చేతులు కడుక్కుని, కిటికీ దగ్గరికెళ్ళి, రెండూ నోట్లో పోసుకుని తిప్పి సింకులో ఉమ్మి, "ఎడమది. కుడిదానికి ఇంకా రెండు నెలలు పీపా కావాలి" అన్నాను. ఆ సాయంత్రం వ్యాపారి వచ్చినప్పుడు రెజిస్, "దానికింకా రెండు నెలలు పీపా కావాలని నా ఉద్దేశం" అనడం పక్కగదిలోంచి విన్నాను. ఆ తర్వాత గ్లాసులు వంటింటికి వస్తూనే ఉన్నాయి. ఏ తొట్టిని ఎప్పుడు పిండి తొక్కలు వేరు చెయ్యాలో, ఏ పీపాని దేనితో కలపాలో అంతా నా పొయ్యి పక్కనే తేలేది. కూతుర్ని కాలేజీలో చేర్చినప్పుడు కాగితంలో తల్లి వృత్తి అని ఉన్నచోట రెజిస్ 'ఏమీ లేదు' అని రాశాడు. దురుద్దేశమేమీ లేదు. అతనికి ఇంకేం రాయాలో నిజంగానే తోచలేదు.

మా ద్రాక్షకి తొక్క పల్చన. గట్టిగా తొక్కి, వేడి చేసి, రోజుల తరబడి నానబెట్టి లాగితే ముదురు రంగు వస్తుంది, బలం వస్తుంది, వాటి వెంట గింజలోని చేదూ వస్తుంది. అలాంటి వైన్ తాగిన వాళ్ళు మొదటి గుక్కకి అబ్బో అంటారు, రెండో గ్లాసు అడగరు. సొగసైన వైన్‌కి అబ్బో అనిపించాలని ఉండదు. గ్లాసులోంచి చూస్తే అవతలి చెయ్యి కనబడుతుంది. వగరు ఉంటుంది కాని నాలుకని పట్టుకుని గుంజదు. మింగేశాక ఎండిన గులాబీ వాసనో, వాన పడ్డ అడవిలో మట్టి వాసనో నోట్లో కూర్చుని ఉంటుంది. అది రావాలంటే చెయ్యి ఎక్కడ పెట్టకూడదో తెలియాలి. రెజిస్‌కి చెయ్యి పెట్టడమే తెలుసు. అతని తండ్రి అలాగే చేశాడనీ, వైన్‌కి కండ ఉండాలనీ అంటాడు.

ఎనిమిదేళ్ళ కిందట కోతలు మొదలైన మర్నాడు రెజిస్ తొట్టి అంచు మీంచి జారిపడ్డాడు. నడుం విరిగింది. దిజోన్ ఆసుపత్రిలో ఐదు వారాలు పడుకోబెట్టారు. అది వానల ఏడాది. కాయ ఉబ్బి, తొక్క మరీ నాసిగా ఉంది. మా అత్తగారు దూరపు బంధువు ఒకాయన్ని పిలిపిస్తానంది. ఆయన రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నాడు. పులియడం మొదలైన తొట్టి నాలుగు రోజులు ఆగదు. ఆ పొద్దున్నే నాకు నెలసరి వచ్చింది. నేను రబ్బరు బూట్లు విడిచి, కాళ్ళు తొడల దాకా కడుక్కుని, లంగా పైకి దోపి, తొట్టి గది తలుపులు బార్లా తెరిచి లోపలికి వెళ్ళాను. మా అత్తగారు వాకిట్లో నిలబడి చూసింది. ఆవిడకి లెక్క తెలుసు. అయినా ఆపలేదు.

తొక్కలన్నీ పైకి తేలి గట్టిగా అట్ట కడతాయి. దాన్ని కిందికి తొక్కాలి. వెచ్చగా, బురదలా, ఊపిరి తీస్తున్నట్టుగా ఉంటుంది కాళ్ళ కింద. రెజిస్ ఆసుపత్రి నుంచి రోజూ ఫోన్ చేసేవాడు. "రోజుకి నాలుగుసార్లు తొక్కించు. ఈ ఏడు రంగు రాదు, లాగాలి." నేను సరే అనేదాన్ని. రోజుకొక్కసారి తొక్కాను. ఆరో రోజు నుంచి అదీ మానేసి, పైన కాస్త తడిపి వదిలేశాను. తొమ్మిదో రోజు ఉదయం నోట్లో పోసుకుంటే వగరు అప్పుడే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డట్టుంది. ఇంకో రోజు ఉంచితే లోపలికొచ్చి కూర్చుంటుంది. పిండేశాను.

రెజిస్ కర్ర పట్టుకుని ఇంటికొచ్చి, పీపాలోంచి కొంచెం తీసి దీపానికి ఎదురుగా పెట్టి చూసి, "గ్లాసులు కడిగిన నీళ్ళు" అన్నాడు. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ ఏడాది సీసాలు ఎవరికీ చూపించకుండా నేలమాళిగ చివరి అరలో పడేశాడు.

నాలుగింటికి వచ్చిన లెస్క్యూర్ ఆ ఏడాది సీసానే అడిగాడు. చుట్టుపక్కల ఇళ్ళలో ఆ వానల ఏడాది వైన్లన్నీ గట్టిపడి, పండు చచ్చి, చేదు మిగిలి ఉన్నాయట. మీది కూడా చూస్తానన్నాడు. రెజిస్ తప్పక తెరిచాడు. నేను అప్పుడే జున్ను బన్నుల పళ్ళెంతో మెట్లు దిగాను.

ఆయన వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. నోట్లో పోసుకుని నెమ్మదిగా తిప్పాడు. ఉమ్మడానికి బకెట్ పక్కనే ఉన్నా ఉమ్మలేదు, మింగేశాడు.

"ఇంత నెమ్మదిగా ఎలా ఉండగలిగారండీ ఆ ఏడాది? అందరూ భయపడి లాగేశారు" అన్నాడు.

"చెయ్యి వెనక్కి తీసుకోవడం కూడా మా పనిలో భాగమే" అన్నాడు రెజిస్.

"ఎన్నో రోజు పిండారు?"

రెజిస్ నా వైపు చూశాడు. కనుబొమ్మ కాస్త ఎత్తుతాడు, అంతే. ఎదుటివాళ్ళకి అది భార్య చేతిలో పళ్ళెం వంక చూసినట్టుంటుంది. ఎప్పటిలాగైతే నేను చెయ్యాల్సిందేమిటంటే, 'ఆ ఏడాది వానలు కదా రెజిస్, తొమ్మిదో రోజే పిండాం' అని, మరిచిపోయిన మాట గుర్తుచేసినట్టుగా అందించడం. ఆ 'పిండాం'లో అతనుంటాడు, వాళ్ళ నాన్న ఉంటాడు, ఇల్లు ఉంటుంది, వెతికితే ఏ మూలో నేనూ ఉంటాను.

"తొమ్మిదో రోజు పిండాను" అన్నాను.

నా నోట ఆ మాట నాకే కొత్తగా వినిపించింది. లెస్క్యూర్ నా వైపు తిరిగాడు. "ఈయన అప్పుడు ఆసుపత్రిలో ఉన్నారు. రోజుకొక్కసారే తొక్కాను. ఆరో రోజు నుంచి అదీ మానేశాను" అన్నాను. పళ్ళెం కింద నా చెయ్యి కాలుతోంది. దించడానికి చోటు కనబడలేదు.

రెజిస్ హాయిగా నవ్వాడు. "మంచం మీంచి నేను ఫోన్లో చెప్పడం, పాపం ఈవిడ పరిగెత్తడం. అదొక సరదా ఏడాది లెండి." లెస్క్యూర్ కూడా నవ్వాడు. నావైపు ఒక్క క్షణం చూశాడు. ఆయనకి అర్థమైంది. అర్థమైందని నాకూ తెలిసింది. తర్వాత ఆయన ఒక బన్ను తీసుకుని, బాగుందన్నాడు.

ఆయన కారు వెళ్ళిపోయాక రెజిస్ వంటింట్లోకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "పరాయివాడి ముందు నా పరువు తీశావు" అన్నాడు మెల్లగా.

"నేను అబద్ధం చెప్పానా?"

"నిజమే అనుకో. చెప్పి నువ్వు బావుకున్నదేమిటి? సీసా మీద పేరు మారుతుందా?"

అతను వెళ్ళిపోయాక, మూలన ఉల్లికాడల్లాంటి లీక్ కాడలు ఒలుస్తున్న మా అత్తగారు తలెత్తకుండానే, "మీ మామగారికి ముక్కు లేదు. పాతికేళ్ళప్పుడు జ్వరమొచ్చి పోయింది. వాసన తెలిసేది కాదు. ముప్పయ్యొక్క ఏళ్ళు నేనే రుచి చూశాను" అంది.

నేను ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. "మరి ఆ మూడు రోజులు?"

"గ్లాసు వంటింటికి వచ్చేది."

"ఎవరికీ చెప్పలేదా అత్తయ్యా?"

"ఎవరైనా అడిగితే కదా. చెప్పనందుకు నేనేం చచ్చానా?" అంది. చావలేదు, నిజమే. ఎనభయ్యొక్కేళ్ళు. కానీ మామగారు పోయిన రోజు నుంచి ఆవిడ వైన్ నోట పెట్టలేదు. అందరం దుఃఖం అనుకున్నాం. అదే అడిగాను. ఆవిడ ఒలిచిన కాడలు గిన్నెలోకి తోస్తూ, "దుఃఖమేమిటి. అది నాకు పని. ఆయన పోయాడు, పని అయిపోయింది" అంది. ఆ గొంతులో కోపం లేదు, బాధ లేదు. ఇంకో ముప్పయ్యేళ్ళకి ఆ కుర్చీలో కూర్చుని ఆ మాటే అంటున్న నేను కనబడ్డాను.

నెల తర్వాత పత్రిక వచ్చింది. తన బలాన్ని దాచుకోవడం తెలిసిన మగవాడు చేసిన వైన్ అని రాశాడు లెస్క్యూర్. చివరి వాక్యంలో, ఆయన భార్య చేసే జున్ను బన్నులు కూడా అంతే తేలిగ్గా ఉంటాయన్నాడు. రెజిస్ దాన్ని పటం కట్టించి నేలమాళిగ మెట్ల దగ్గర వేలాడదీశాడు. వారం వారం పీపాల్లో తగ్గిన వైన్ నింపడానికి నేను దిగేది ఆ మెట్లే.

పక్క ఊళ్ళో క్లోతిల్ద్ అని ఒకావిడ ఉంది. భర్త పోయాక మూడెకరాల తోట ఒక్కతే చూసుకుంటోంది. తోటపని బాగా తెలుసు, తొట్టిపని తెలియదు. రెండేళ్ళుగా నన్ను సాయం అడుగుతోంది. రెజిస్ ఏమనుకుంటాడో అని దాటేస్తూ వచ్చాను. జూన్‌లో ఒక రోజు సైకిల్ మీద వెళ్ళి, "చేస్తాను. కానీ సాయంగా కాదు, ఉద్యోగంగా" అన్నాను. ఆవిడ పెన్ను తీసి, "కాగితంలో ఏమని రాయను?" అంది. "తొట్టి గది బాధ్యురాలు అని రాయి" అన్నాను. రాసి, చదివి వినిపించింది.

ఆగస్టు చివర భోజనాల దగ్గర రెజిస్‌కి చెప్పాను. అతను చెంచా దించాడు.

"మరి మన తొట్లు?"

"నువ్వున్నావుగా."

"ఊరంతా ఏమంటుంది గిలెన్?"

"తెలీదు. వాన గురించి మాత్రం అనుకోదు."

మా అత్తగారు రొట్టె తుంచడం ఆపింది. రెజిస్ మళ్ళీ చెంచా అందుకుని, "వెళ్ళు. నెల తిరక్కుండా వస్తావు" అన్నాడు. ఆ రోజు నుంచి అతను మేడ మీది గదిలో పడుకుంటున్నాడు. నేనిప్పటికీ అదే ఇంట్లో ఉంటున్నాను. వంట చేస్తున్నాను. ఇది ఎటు పోతుందో నాకు తెలియదు. కొన్ని ఉదయాలు సైకిల్ తొక్కుతూ ఏడుస్తాను కూడా.

ఆ ఏడాది ఎండలు బాగా కాశాయి. క్లోతిల్ద్ తొట్టి గదిలో నా పక్కన ఎవరూ లేరు. ఫోన్ మోగలేదు. పన్నెండో రోజు నోట్లో పోసుకుంటే నాకు భయం వేసింది. చాలనిపించింది, చాలదనీ అనిపించింది. వాకిట్లోకొచ్చి రెండు చక్కర్లు కొట్టి, లోపలికెళ్ళి పిండేశాను.

మొన్న మార్చిలో క్లోతిల్ద్, నేనూ పీపా ముందు నిలబడి రుచి చూశాం. వాసన చక్కగా ఉంది, వగరు మెత్తగా ఉంది. కానీ మింగగానే అయిపోతోంది, నిలబడటం లేదు. క్లోతిల్ద్ మొహమాటంగా, "ఇంకొక్క రోజు ఆగాల్సిందేమో కదా?" అంది.

ఇంకో గుక్క తీసుకున్నాను. ఆవిడ చెప్పింది నిజమే. మా ఇంట్లో వైన్ కుదిరితే అది రెజిస్ గొప్ప, కుదరకపోతే ఆ ఏడాది వాతావరణం. ఇరవయ్యారేళ్ళలో నా పేరు మీద ఒక్క తొట్టి కుదరనూ లేదు, చెడనూ లేదు.

"అవును, తొందరపడ్డాను. తప్పు నాదే" అన్నాను. ఎందుకో ఆ మాట ఇంకోసారి అనాలనిపించి, మళ్ళీ అన్నాను.