కొడుకు తరఫున ఊపిరి

ఆ గురువారం దమయంతి చేయాల్సిన పనులు ఇవి. ఆఫీసులో ఉన్న పాత ఫోన్లన్నీ చార్జింగ్‌కి పెట్టాలి. వారం నుంచి యాప్‌లో జాడ లేని ఇద్దరు పిల్లలకి ఫోన్ చేయాలి, వాళ్ళు ఎత్తకపోతే వాళ్ళ అమ్మమ్మలకి చేయాలి. రూమ్‌మేట్ రేష్మ అడిగిన కరివేపాకు కొనాలి. మర్నాడు కోర్టువాళ్ళతో జరిగే మీటింగ్ కోసం బాస్ రూత్ అడిగిన రెండు పేజీలు రాయాలి. ఆ పేజీలు రాసేముందు కౌస్తుభ్ ఇంటికి వెళ్ళి, అసలు పొద్దున్నే ఊపిరి పీలుస్తున్నది ఎవరో తేల్చుకోవాలి.

మిగతావన్నీ చిన్నచిన్న పనులే. ఈ చివరిది తలుచుకుంటేనే పొద్దుటినుంచీ కాఫీ రుచించలేదు.

దమయంతిది మిర్యాలగూడ. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. అమెరికాలో, న్యూజెర్సీలోని పిస్కాటవేలో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చదువుతూ, చదువులో భాగంగా ఒక చిన్న సంస్థలో ఇంటర్న్‌గా చేరింది. కోర్టు కేసుల్లో ఇరుక్కున్న పిల్లలకి ఆ సంస్థ ఒక యాప్ ఇస్తుంది. రోజూ కాసేపు అందులోని గొంతు చెప్పినట్టు కూర్చుని ఊపిరి మీద మనసు పెట్టాలి. చివర్లో 'ఇప్పుడు నీ మనసులో ఏముంది?' అని అడుగుతుంది, ఒక ముక్క రాయాలి. కోపంలో చేయి లేవకుండా, మత్తువైపు కాలు పోకుండా, రాత్రిపూట కాస్త నిద్ర పట్టేలా చేయాలన్నది ఉద్దేశం. యాప్‌లో గొంతు ఆ సంస్థ నడిపే రూత్‌దే.

కౌస్తుభ్‌కి పదిహేడేళ్ళు. ఒకరోజు నాన్నతో గొడవపడి, ఆ కోపంలోనే కారు తీసుకుని, వీధి మలుపులో ఆగి ఉన్న వ్యాన్‌ని గుద్దాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ సీటు పక్కన గంజాయి పీల్చే వేప్ పెన్ను దొరికింది. జడ్జి ఒక దారి చూపించింది. ఈ ప్రోగ్రాం పూర్తి చేస్తే కేసు మూసేస్తానంది. చేయకపోతే మళ్ళీ తన ముందుకే రావాలంది.

చేరిన పిల్లలందరిలోనూ ఒక్కరోజు కూడా తప్పనివాడు కౌస్తుభే. వాడు రాసే ముక్కలు చదివి రూత్ మురిసిపోయేది. 'పాలు పొంగిపోయాయి, పోనీలే అనుకున్నాను.' 'కిటికీ బయట మంచు, ఇంట్లో అందరూ నిద్ర.'

"చిన్న చిన్నవి ఎంత బాగా గమనిస్తున్నాడో చూడు. శుక్రవారం మీటింగ్‌లో ఈ పిల్లాడి గురించే చెబుదాం" అంది రూత్.

దమయంతి కూడా సంబరపడింది, బుధవారం కూర్చుని పాతవన్నీ తిరగేసేదాకా. అందులో ఒకటి కంటపడింది. 'ఈరోజు శనివారం. ఉల్లిపాయ లేదు.'

రూత్‌కి అది కవిత్వంలా తోచి ఉంటుంది. దమయంతికి మాత్రం శనివారం పూట ఉల్లిపాయ ఎవరు మానేస్తారో తెలుసు. న్యూజెర్సీలో పుట్టిన పదిహేడేళ్ళ కుర్రాడు కాదు.

గురువారం సాయంత్రం తలుపు తీసింది కౌస్తుభే. "హాయ్ ఆంటీ."

"ఆంటీ ఏంది? నాకు ఇరవై నాలుగే."

"సారీ... అక్కా. అమ్మా, యాప్ అక్క వచ్చింది."

వసుమతి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "రామ్మా, కూర్చో. ఏ ఊరు మీది? మిర్యాలగూడా? మాది గుడివాడ. పెసరట్టు వేస్తున్నా, తినే వెళ్ళాలి."

పెసరట్టు తింటూ అడగడం కష్టమే. దమయంతి సగం తిన్నాక ప్లేటు కింద పెట్టింది.

"ఆంటీ, పొద్దున్నే యాప్ ఎవరు చేస్తున్నరు?"

కౌస్తుభ్ తన కాళ్ళవైపు చూసుకున్నాడు. వసుమతి మాత్రం ఏమాత్రం తడబడలేదు. "నేనేనమ్మా. రాత్రిపూట వీడి ఫోన్ నా దగ్గరే ఉంటుంది, వాళ్ళ నాన్న రూలు. పొద్దున లేచి స్నానం చేసి, దీపం పెట్టి, వీడి పేరు చెప్పుకుని చేస్తున్నా. శనివారాలూ ఉంటున్నా వీడికోసం. ఇదీ అలాంటిదే కదా. తల్లి చేస్తే బిడ్డకి అందదా? ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? నన్ను చూసి వాడే నేర్చుకుంటాడు."

"డిడ్ షి కాల్ మీ ఎ కౌ?" అన్నాడు కౌస్తుభ్.

"దూడ అంది" అంది దమయంతి.

ముగ్గురూ నవ్వారు గానీ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఈ మాట రూత్‌కి చెప్పక తప్పదు. చెబితే కౌస్తుభ్ మళ్ళీ జడ్జి ముందుకు పోవచ్చు. చెప్పకపోతే మీటింగ్‌లో పొగిడేది కౌస్తుభ్‌ని కాదు, పాలగిన్నె ముందు నిలబడిన వాళ్ళమ్మని. అది అలా ఉంచి, కోపం వచ్చిననాడు ఈ పిల్లవాడి దగ్గర కారు తాళంచెవి తప్ప ఏమీ ఉండదు.

"ఆంటీ, నా వీసా కోసం మా అమ్మ ఎన్నో శుక్రవారాలు ఒక్కపొద్దు ఉన్నది" అంది నెమ్మదిగా.

"చూశావా. వచ్చిందా మరి?"

"వచ్చింది. కానీ ఇంటర్వ్యూకి నేనే పోయిన."

వసుమతి అట్లకాడ పక్కన పెట్టింది. కొడుకువైపు తిరిగి, "ఎందుకు చేయవురా నువ్వు?" అంది. ఇన్నాళ్ళలో ఆ మాట వాణ్ణి ఆమె అడగనే లేదు.

"క్లోజ్ యువర్ ఐస్ అంటుంది, అమ్మా. కళ్ళు మూస్తే వ్యాన్ వస్తుంది. ఎవ్రీ టైమ్."

దమయంతికి కళ్ళు మూసుకోవడమంటే దేవుడి గదిలో చిన్నప్పటినుంచీ చేసే పని. అది ఒకరికి భయం అవుతుందని ఆమెకి తట్టలేదు, రూత్‌కీ తట్టలేదు.

"అయితే తెరిచే చెయ్. ఏడ కూర్చుంటవ్?"

కౌస్తుభ్ కిటికీలోంచి ఇంటి ముందున్న కారువైపు చూశాడు. "కార్‌లో. కెన్ ఐ?"

"తాళం లేకుండా" అంది వసుమతి వెంటనే.

ఇంటి ముందు ఆగి ఉన్న కారులో ముగ్గురూ ఎక్కారు. కౌస్తుభ్ స్టీరింగ్ ముందు, దమయంతి పక్కన. వెనక సీట్లో వసుమతి బెల్టు పెట్టుకుంది.

"ఎక్కడికీ వెళ్ళట్లేదమ్మా" అన్నాడు కొడుకు.

"నాకు తెలుసులే. నువ్వు కానీ."

దమయంతి ఫోన్ పక్కన పెట్టి, రూత్ మాటలనే తన మాటల్లో చెప్పింది. ఎదురుగా ఉన్న గ్యారేజ్ తలుపు చూడు. దాని మీది గీతలు చూడు. ఊపిరి దానంతటదే వస్తుంది, పోతుంది, నువ్వేం చేయక్కర్లేదు. కౌస్తుభ్ భుజాలు మెల్లగా దిగాయి. వెనకనుంచి వసుమతి ఊపిరి కూడా వినిపిస్తోంది, ఆమెకి బాగా అలవాటైన ఊపిరి.

అంతలో వెనక ఇంకో కారు ఆగింది. కౌస్తుభ్ నాన్న రవికుమార్ ఆఫీసునుంచి వచ్చాడు. డ్రైవర్ సీట్లో కొడుకుని చూసి కిటికీ దగ్గరికి వేగంగా వచ్చాడు.

"ఏంట్రా, మళ్ళీ కారెక్కావా? బుద్ధి రాదా నీకు?"

కౌస్తుభ్ వేళ్ళు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. దమయంతి నోరు తెరవబోయి ఆగింది. ఇది ఆమె ఇంటర్వ్యూ కాదు. కౌస్తుభ్ గ్యారేజ్ తలుపునే చూస్తూ ఒక ఊపిరి లోపలికి తీసుకున్నాడు, పూర్తిగా వదిలాడు. అప్పుడు కారు తలుపు కాస్త తీశాడు.

"నాన్నా, టూ మినిట్స్. ప్లీజ్."

రవికుమార్ లోపలికి తొంగిచూశాడు. వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్న భార్య కనిపించింది. లాప్‌టాప్ సంచీ కింద పెట్టి, ఆ రెండు నిమిషాలూ అక్కడే నిలబడ్డాడు. తర్వాత, "లోపల పెసరట్టు వాసన వస్తోంది" అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా.

మర్నాడు మీటింగ్‌కి ముందే దమయంతి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. రూత్ కుర్చీలో వెనక్కి వాలింది.

"అయితే ఆ పాలు?"

"వాళ్ళమ్మవి."

"ఉల్లిపాయ?"

"అదీ వాళ్ళమ్మదే."

రూత్ మొహం చేతుల్లో దాచుకుని నవ్వింది. నవ్వయ్యాక గట్టిగానే మాట్లాడింది. పాత రోజులేవీ లెక్కలోకి రావు, మొదటినుంచీ మొదలుపెట్టాలి, కోర్టుకి కూడా ఆ మాటే చెప్పాలి. చెప్పారు. జడ్జి గడువు పెంచింది, కేసు మూయలేదు, పిల్లవాణ్ణి ప్రోగ్రాంలోంచి పంపేయనూ లేదు. మర్నాటినుంచి యాప్‌లో రూత్ గొంతు, 'కళ్ళు మూయండి, తెరిచి ఉంచినా సరే' అనడం మొదలుపెట్టింది. జాడ లేని ఇద్దరు పిల్లల్లో ఒకడు ఆ వారమే తిరిగొచ్చాడు.

వసుమతికి తన పేరుతోనే యాప్ ఇచ్చారు. ఆమె శనివారాలు మానలేదు, పాలు పొంగడమూ మానలేదు. కౌస్తుభ్ బడినుంచి వచ్చాక ఆగి ఉన్న కారులో కూర్చుంటాడు. కొన్ని రోజులు తప్పుతాడు. తప్పిన రోజు తప్పానని రాస్తాడు. వాడు సొంతంగా రాసిన మొదటి ముక్క ఇది: 'గ్యారేజ్ తలుపుకి రంగు వేయాలి.' దమయంతి ఆ ముక్క రూత్‌కి చదివి వినిపించి, ఇది వాడిదే అని పూచీ ఇచ్చింది.

ఇది చదివినవాళ్ళకి ఒక మనవి. ఎవరి మీదైనా కోపంతో మీ చేయి తాళంచెవికోసం వెతికిన రోజున, పిస్కాటవేలో కదలని కారులో, కళ్ళు తెరుచుకుని, గ్యారేజ్ తలుపు చూస్తూ కూర్చున్న కౌస్తుభ్‌ని ఒక్క ఊపిరి సేపు గుర్తు చేసుకోండి.