పుస్తకంలో లేని ఎద్దులు

సిరా కాచడం కూడా వంటపనే అని ఆసా ప్రెంటిస్ అభిప్రాయం. ఓక్ చెట్ల మాచికాయలు దంచి, తుప్పు పట్టిన మేకులు వేసి, సన్నని సెగ మీద కాచాలి. పక్కనే మొక్కజొన్న జావ ఉడుకుతుంటుంది. గరిటెలు వేరు, తిప్పే చెయ్యి ఒకటే. ఆ సిరాతో ఉత్తరాలు రాసేదీ ఆ చెయ్యే. కింద సంతకం మాత్రం ఆసాది. "ప్రెంటిస్ గారి రాత ముత్యాలే" అని అమెరికాలోని ఆ జెనెసీ అడవంతా చెప్పుకుంటుంది. పద్నాలుగేళ్లుగా అతని భార్య కెజియా ఆ మాట వింటూ మేకులు ఏరుకుంటోంది.

ఆసా భూముల ఏజెంటు. అసలు యజమాని ఫిలడెల్ఫియాలో ఉంటాడు, ఈ అడవి మొహం ఎన్నడూ చూడలేదు. కాగితం మీద గీతలు గీయించి, గీతల మధ్య భూమిని వాయిదాల మీద అమ్మిస్తాడు. కొన్నవాళ్లకు ముందు ఒప్పంద కాగితమే దక్కుతుంది. ఆఖరి వాయిదా తీరాకే పట్టా. ఈలోగా వాళ్లు చెట్లు నరకాలి, మొద్దులు పెకలించాలి, ఆ మొద్దుల సందుల్లోనే గోధుమ చల్లుకోవాలి. వాయిదా తప్పితే భూమి వెనక్కి పోతుంది, దానితో పాటే చాకిరీ కూడా. ఎవరి దగ్గరా నాణేలుండవు కనుక గోధుమలు తెస్తారు, పశువులు తోలుకొస్తారు, చెట్లు కాల్చిన బూడిద బస్తాలు దించుతారు. ఎవరు ఇవ్వగలిగీ ఎగ్గొడుతున్నారో, ఎవరింట్లో జ్వరాలో, ఎవరిని గద్దించాలో, ఎవరికి ఇంకో పంట దాకా గడువివ్వాలో తెలిసింది కెజియాకే. ఉత్తరంలో ఆ తేడా ఆమే పెట్టేది. ఆసా చదవకుండా సంతకం చేసేవాడు. భోజనానికి వచ్చినవాళ్లతో, "మా ఆవిడకు కాస్త రాత వచ్చు. కాలక్షేపానికి నాకు సాయపడుతుంటుంది" అనేవాడు. కాలక్షేపం! ఉతకడం, పాలు పితకడం, కొవ్వొత్తులు పోయడం, మనుషుల్ని కాటికి సాగనంపడం అన్నీ అయ్యాక మిగిలిన కాలాన్ని పాపం ఎలా గడపాలో తెలియక కూర్చుని రాసేది కాబోలు. అత్తగారు బతికున్న రోజుల్లో ఒకసారి అంది: "చేతిలో విద్య ఉందని మురిసిపోకు. ఆ చెయ్యి వాడు పట్టుకున్నదే." కెజియా అప్పుడు నవ్వింది. ఎందుకు నవ్వానా అని ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆసా ఆమె భుజం వెనక నిలబడి ఉత్తరం చెప్పాడు. ఇరవై ఆరో నంబరు భూమి, హెప్జిబా టోల్మన్. రెండేళ్లుగా ఒక్క వాయిదా లేదు. భూమి వెనక్కి తీసుకుంటున్నాం.

కెజియా కలం ఆపింది. "నవంబరులో ఆవిడ రెండు ఎద్దులు తోలుకొచ్చిందండీ."

"జమాఖర్చు పుస్తకంలో ఉందా?"

"నేను కళ్లారా చూశాను."

"పుస్తకంలో ఉందా అని అడిగాను. ఆ పుస్తకం రాసేది నువ్వేగా? నీ రాతనే నువ్వు నమ్మవా?"

పుస్తకంలో లేదు. జూన్‌లో మంచు కురిసి మొక్కజొన్న మాడిపోయిన ఏడు అది. తినడానికే లేనప్పుడు టోల్మన్ విధవరాలు దున్నే జతనే తోలుకొచ్చింది. ఆ ఉదయమే కెజియా కూతురు లోయిస్ పోయింది. ఆరేళ్ల పిల్ల, గొంతు జబ్బు. విధవరాలు ఎద్దుల్ని వాకిట్లో కట్టి, రసీదు మాట ఎత్తకుండా లోపలికొచ్చి, రవిక చేతులు పైకి మడిచి, నీళ్లు కాచి, పిల్లకు స్నానం చేయించింది. కెజియా కిటికీ దగ్గర కూర్చుంది. అవతల ఒకటి ఎర్రది, ఒకటి కొమ్ము విరిగినది, ముక్కుల్లోంచి ఆవిరి వదులుతూ నిలబడి ఉన్నాయి. ఆ వారం రాసే చెయ్యి పుస్తకంలో ఏమీ రాయలేదు. ఆసా ఆ ఎద్దుల్ని ఎవరికో అమ్మేశాడు. పిల్ల చచ్చిన వారంలో రాయని పేజీని దాచిపెట్టుకుని, మూడు నెలల తర్వాత తీసి ఆమె ముందు పరిచాడు. పక్క పంచుకున్న మనిషి! ఆ పేజీ ఎందుకు ఖాళీగా ఉందో ప్రపంచంలో అతనికి కాక ఎవరికి తెలియాలి?

అయినా ఆమె ఉత్తరం రాసింది. అదే ఆమె తనను తాను క్షమించుకోలేనిది.

ఆ ఉత్తరం పట్టుకుని విధవరాలు వంటింటి తలుపు వైపు నుంచే వచ్చింది. అరవడానికి రాలేదు.

"ఇది మీ రాతే కదా తల్లీ?"

కెజియా గరిటె పక్కన పెట్టింది.

"మగాళ్లకు తెలియదు గానీ, నాకు తెలుసులే. పాపను పూడ్చిన పెట్టె మూత మీద పేరు రాసిందీ ఈ చెయ్యే కదా. ఆ రోజు మూత పట్టుకుంది నేనే." ఉత్తరం మడిచింది. "మీరు రాశారంటే ఏదో కారణం ఉండే ఉంటుందనుకుని, అడిగిపోదామని వచ్చా. తొమ్మిదేళ్లమ్మా, ఆ నేల మీద. మా ఆయన చెట్టు కింద నలిగి ప్రాణం వదిలింది కూడా అక్కడే. కారణం చెప్పండి, పోతాను."

కారణం లేదు. కొలిమిలోని ఇనుములా ఏదో ఎర్రగా కాలుతోంది గానీ, దాన్ని పట్టుకునే పట్టకారు కెజియా చేతికి దొరకలేదు. ఊరి వకీలును మాటవరసకు అడిగి చూసింది. "భర్త మీద భార్య సాక్ష్యం చెల్లదమ్మా. మీరిద్దరూ ఒకే మనిషి కింద లెక్క" అన్నాడు. ఆ ఒక్క మనిషి ఎవరో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఏప్రిల్‌లో ఆసా ఇరవై ఆరో నంబరుకు తన పేరనే పట్టా రాయించుకున్నాడు. చదును చేసిన నలభై ఎకరాలు, వాగు, కాపుకొచ్చే ఆపిల్ మొక్కలు. పిండి మర పెడతానని స్టూక్లీ అనేవాడు మూడింతల ధరకు బేరమాడాడు. ఒక్కటే షరతు: భూమిలో మూడో వంతు మీద భార్యకు హక్కుంటుంది గనుక, ఆమె వదులుకున్నట్టు సంతకం చెయ్యాలి. లేకపోతే పైసా ఇవ్వడు.

"ఆ సంతకం ఎంతసేపు? నా పేరు వెయ్యిసార్లు రాసిన చెయ్యి, తన పేరు ఒక్కసారి రాయలేదా!" అన్నాడు ఆసా. స్టూక్లీ పగలబడి నవ్వాడు.

జడ్జి గారింట్లో ముందు గది. ఆసా సంతకం అయింది. కెజియా కలం తీసుకుని తన పేరు రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలు. జడ్జి మొదటిసారి ఆ కాగితాన్నీ, బల్ల మీద ఉన్న ఆసా ఉత్తరాల్నీ మార్చి మార్చి చూశాడు. 

"ఇక మీరిద్దరూ బయటికెళ్లాలి. ఆమెను ఒంటరిగా అడిగితేనే సంతకం చెల్లుతుంది" అన్నాడు మగవాళ్లతో.

"ఈ తంతు ఇంకా ఉందా?" అన్నాడు ఆసా. "కానివ్వండి. ఏమే, తొందరగా కానీ. గుర్రానికి మేత వెయ్యాలి."

తలుపు మూసుకుంది. ముసలాయన అప్పటికే కాగితం కింద రాయడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లలో ఏ భార్యా వేరే జవాబు చెప్పలేదు గనుక, ప్రశ్న కంటే ముందే జవాబు రాయడం ఆయనకు అలవాటు. తలెత్తకుండానే అడిగాడు: "భర్త భయం గానీ, బలవంతం గానీ లేకుండా, నీ ఇష్టంతోనే సంతకం చేశావా అమ్మా?"

 పట్టకారు ఇదే. అమెరికా చట్టమంతా కలిసి ఆమె నోటికి వదిలిన ఒకే ఒక్క సందు ఇది.

"లేదండీ."

కలం ఆగింది. "ఏమిటీ?"

"నా ఇష్టంతో కాదండీ. ఆ భూమికి రెండు ఎద్దులు ముట్టాయి. ఒకటి ఎర్రది, ఒకటి కొమ్ము విరిగినది."

"ఎద్దుల సంగతి నేనడగకూడదమ్మా."

"అడగక్కర్లేదు. మీరు అడగాల్సింది అడిగారు. నేను లేదన్నాను. మీరు ముందే రాసింది కొట్టెయ్యండి."

ఆయన కలం కింద పెట్టాడు. "ఇంటికెళ్లాలిగా తల్లీ, మళ్లీ ఆయనతోనే?"

"తెలుసండీ. కొట్టెయ్యండి."

ముసలాయన కలం ముంచి, నెమ్మదిగా, అడ్డంగా గీత గీశాడు. అది ఆమె కాచిన సిరా కాదు, పలచగా ఉంది. అయినా గీత కనిపిస్తోంది.

ఆమె టోపీ నాడాలు కట్టుకుంటుండగా తలుపు తెరుచుకుంది. ఆసా బల్ల దగ్గరికొచ్చి కాగితం చూశాడు. వెనక స్టూక్లీ కూడా తొంగి చూసి, డబ్బు సంచీ మళ్లీ కోటు లోపలికి దోపుకున్నాడు.

"ఏం చెప్పావు? ఏం కూశావు నువ్వు?" ఆసా గొంతు కీచుమంది.

"పద్నాలుగేళ్లలో నీ ఇష్టమేమిటని నన్ను అడిగింది ఈయనొక్కడేనండీ" అంది కెజియా. "చెప్పాను."