రెండు వేళ్ళ సాక్ష్యం

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం రాగానే పెద్ద మేస్త్రి లేచాడు. చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని మైకు అందుకున్నాడు.

"దేవునికి స్తోత్రం. నెలన్నర కిందట మా తమ్ముడి చెయ్యి రంపం మిషన్లో పడింది. మణికట్టు దాకా పోవాల్సిన చెయ్యి. దేవుడు అడ్డుపడి రెండు వేళ్ళతో సరిపెట్టాడు. ఆయన కృప ఎంత గొప్పదో చూడండి."

అందరూ స్తోత్రం అన్నారు. నాలుగో వరసలో కూర్చున్న చిన్న మేస్త్రికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. తిరిగే రంపం మీద చెయ్యి పడకుండా ఒక ఇనుప రేకు కప్పి ఉంటుంది. దాన్ని గార్డు అంటారు. పని జోరుగా సాగడం లేదని దాన్ని ఊడదీసి మూలన పారేసింది దేవుడు కాదు, మైకు పట్టుకుని నిలబడ్డ అన్నే. "పెట్టన్నయ్యా, ప్రమాదం" అని తమ్ముడు అన్నాడు కూడా. "నీకు ఉలి పట్టుకోవడం నేర్పింది నేనురా, నాకు చెప్తావా? రెండు కోతలేగా" అని అన్న నవ్వేశాడు. మర్నాడు తలుపు చట్రానికి కర్ర కోస్తుంటే ముడి తగిలింది. కర్ర ఎగిరింది, చెయ్యి జారింది. ఎడమ చేతి చిటికెన వేలూ దాని పక్క వేలూ పోయాయి.

చిన్న మేస్త్రి లేచి, వరసలో వాళ్ళ కాళ్ళు తొక్కుకుంటూ బయటికొచ్చేశాడు. భార్య వెనకాలే పరుగెత్తింది.

"ఏమండీ, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నా వేళ్ళు తీసేసి, దేవుడి పేరు చెప్పి చేతులు కడుక్కుంటున్నాడు మీ బావగారు."

పరాయివాడైతే నాలుగు దులిపి తెగతెంపులు చేసుకునేవాడే. కానీ తండ్రి పోయినప్పుడు తనకు తొమ్మిదేళ్ళు, అన్నకు ఇరవై. అన్నం పెట్టినవాడూ, పని నేర్పినవాడూ, పెళ్ళి చేసినవాడూ అన్నే. అందుకే ఆ కోపం మింగుడుపడేది కాదు, కక్కడానికీ వచ్చేది కాదు.

సోమవారం నుంచి మళ్ళీ వడ్రంగి కార్ఖానాలో పనికి వెళ్ళాడు. గార్డు మిషను మీద యథాస్థానంలో ఉంది. ఎవరు బిగించారో ఎవరూ చెప్పలేదు, అతను అడగలేదు. అన్నతో మాట్లాడటం మానేశాడు. ఇద్దరికీ మధ్య రాయబారం పాలిష్ పనివాడి నెత్తిన పడింది. ఆయన పొద్దున లేచింది మొదలు ఎండనీ గాలినీ తిడుతూనే ఉంటాడు కాబట్టి అందరూ గొణుగుడు అనే పిలుస్తారు.

"ఆ టేపు ఇమ్మని చెప్పు" అనేవాడు చిన్న మేస్త్రి. టేపు పట్టుకున్న అన్న మూరెడు దూరంలో ఉండేవాడు.

"వినబడింది కదా, ఇవ్వండి. మధ్యలో నేనెందుకు, నా ఖర్మ కాకపోతే" అని గొణిగేవాడు గొణుగుడు.

కార్ఖానాలో బిగబట్టుకున్నదంతా ఇంటికొచ్చాక భార్య మీద విరుచుకుపడేది. ఆమె చొక్కా బొత్తాలు పెట్టబోతే "నేను చంటిపిల్లాణ్ణా?" అని చెయ్యి విదిలించేవాడు. పెట్టకపోతే "మొగుడు అవిటివాడైతే ఇంతే" అనేవాడు. ఆమె పొద్దునే మోకరించి ప్రార్థన చేసుకుంటుంటే కావాలని గిన్నెలు చప్పుడు చేసేవాడు.

బుధవారం సాయంత్రం పాస్టరుగారు వచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు.

"క్షమించాలి తమ్ముడూ. ఎన్నిసార్లయినా క్షమించమన్నాడు ప్రభువు."

"ఏం క్షమించమంటారయ్యగారూ? ఆయన తప్పే చేయలేదంటున్నాడుగా. చేయని తప్పుని ఎలా క్షమించాలో కాస్త మీరే చెప్పండి."

పాస్టరుగారు మంచివారే. పాపం, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి వెళ్ళారు. ఆ ప్రార్థన అయ్యేదాకా చిన్న మేస్త్రి కళ్ళు తెరిచే ఉన్నాడు.

తలుపు వేసి వచ్చి భార్య అతని ఎదురుగా నిలబడింది.

"నా మీద అరిచి ఏం లాభం? పాస్టరుగారి మీద అరిచి ఏం లాభం? అసలు కోపం దేవుడి మీదైతే దేవుడి మీదే అరవండి. ఆయనేం జడుసుకోడు."

"దేవుడి మీద అరిస్తే పాపం కాదూ?"

"నా మీద అరిస్తే పుణ్యమా?"

అతనికి ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం అతను కార్ఖానాలో ఒంటరిగా మిగిలాడు. అన్న ఎవరింటికో కిటికీల కొలతలు తీసుకోవడానికి వెళ్ళాడు. గొణుగుడు క్యారేజీ పట్టుకుని బయట నీడకు పోయాడు. చిన్న మేస్త్రి ఒక బల్లచెక్కకు చిత్రిక పడుతున్నాడు. మూడు వేళ్ళ చేతికి పట్టు చాలక చిత్రిక పక్కకు ఒరిగి, నున్నటి చెక్క మీద బెత్తెడు గాడి పడింది. ముప్ఫై ఏళ్ళ పనితనంలో అలాంటి గాడి ఎప్పుడూ పడలేదు. చిత్రికను గోడకేసి కొట్టాడు.

"విన్నావా?" అని పైకి చూసి అరిచాడు. "రెండు వేళ్ళతో సరిపెట్టావంట. ఎవరడిగారు నిన్ను? ఆపగలిగినవాడివి ఒక్కరోజు ముందే ఆపొచ్చుగా. నువ్వూ వడ్రంగి పనే చేశావంటారే, వేలు పోతే ఎట్లా ఉంటుందో నీకు తెలీదా? నీ చేతుల్లో మేకులు కొట్టినవాళ్ళు పరాయివాళ్ళు. నా చెయ్యి కోసింది మా అన్న. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తినిపించినవాడు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతను ఆగిపోయాడు. ఆ ప్రభువును శత్రువులకు పట్టిచ్చింది ఎవరు? పక్కన కూర్చుని ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టి తిన్న శిష్యుడే కదా. చిన్నప్పటినుంచీ వందసార్లు విన్న సంగతే. వినడం తప్ప ఏనాడూ తనకు తగలలేదు.

రంపపు పొట్టులో చతికిలబడ్డాడు. ఏడవలేదు. వారాల తరబడి బిగుసుకుపోయిన దవడ వదులైంది. మధ్యలో అడ్డుపడకుండా, సర్దిచెప్పకుండా, ఎవరో తన మాట చివరిదాకా విన్నట్టనిపించింది. ఆ నెమ్మది క్యారేజీ తినేంతసేపు నిలిచింది. బయట అన్న బండి చప్పుడు వినగానే కోపం మళ్ళీ బుస్సుమంది.

అయినా మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే చోట కూర్చున్నాడు. ఆ మర్నాడూ అంతే. అరుపు తగ్గి మాటలయ్యాయి. మాటలు ఆగినప్పుడు ఊరికే కూర్చునేవాడు. ఇంట్లో గిన్నెల చప్పుడు మానేశాడు. భార్య గమనించింది.

ఇలా నెల గడిచింది. ఒక పొద్దున అతను కార్ఖానాకు వచ్చేసరికి రంపం గిర్రున తిరుగుతోంది. దాని ముందు గొణుగుడు చెక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. "తొయ్యవయ్యా, చూస్తావేంటి" అంటున్నాడు అన్న. రంపం మీద గార్డు లేదు. ఎప్పుడూ నోరు మూయని గొణుగుడు ఆ రోజు కిక్కురుమనడం లేదు.

చిన్న మేస్త్రి ఒక్క అంగలో వెళ్ళి మెయిను స్విచ్చు తీసేశాడు.

"ఎవడ్రా అది?" అన్నాడు అన్న.

"నేను." నెల పైచిలుకు తర్వాత అన్నతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. "గార్డేది?"

"అడ్డొస్తోందని తీశా. రెండు కోతలేగా."

"ఆ రోజూ రెండు కోతలేగా అన్నావు."

కళ్ళు ఎర్రబారాయి. తన కుడిచేతిలో కొయ్య సుత్తి ఉందని, అది పైకి లేచి ఉందని అప్పుడు చూసుకున్నాడు. ఎప్పుడు తీశాడో తెలీదు. దాన్ని బల్ల మీద పెట్టాడు. రోజూ మధ్యాహ్నం చెప్పుకుంటున్న మాటలు తడుముకోకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

"అన్నయ్యా, గార్డు తీసింది నువ్వు. దేవుడు కాదు. నీ మీద నాకు పీకల్దాకా కోపం ఉంది. ఇన్నాళ్ళూ ఆయనకి చెప్పుకున్నా, ఇవాళ నీకు చెప్తున్నా. నిన్ను వదిలి పోను. కానీ నీ అబద్ధానికి ఆమెన్ చెప్పను. ఈ మనిషి చేతిని కూడా పోనివ్వను."

"పెద్దంతరం చిన్నంతరం లేదట్రా నీకు? నువ్వు నన్ను..."

"ఆయన చెప్పింది నిజమే కదా" అన్నాడు గొణుగుడు వెనక్కి జరుగుతూ. "ఆ రోజు నేనూ చూశాను. చూసి ఊరుకున్నాను."

పెద్ద మేస్త్రి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చెక్కల దొంతర మీద కూలబడ్డాడు.

"తీశానని ఒప్పుకుంటే నేను బతకలేను. తీయలేదంటే నువ్వు ఊరుకోవు. అందుకని దేవుడి మీద పెట్టాను" అన్నాడు చివరికి. "పదిమందిలో చెప్తే నాకే నమ్మకం కుదురుతుందేమో అనుకున్నా. కుదర్లేదు. తప్పు నాదేరా."

పర్లేదులే అనే మాట చిన్న మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. అది పర్లేదనుకునే సంగతి కాదు.

"క్షమించాను" అన్నాడు. "ఇప్పుడే. రేపు లేస్తే మళ్ళీ కోపం వస్తుందేమో. వస్తే మళ్ళీ క్షమిస్తా. ముందు ఆ గార్డెక్కడ పెట్టావో తీసుకురా."

అన్న గార్డు తెచ్చి పట్టుకున్నాడు. తమ్ముడు బోల్టులు బిగించాడు. మూడు వేళ్ళకు పానా పట్టు చాలనిచోట అన్న తన చేత్తో అదిమి పట్టాడు. పక్కన గొణుగుడు చెక్క బరువుని తిట్టడం మొదలుపెట్టాడు.

పెద్ద మేస్త్రి ఈ సంగతి సంఘంలో ఈనాటికీ చెప్పలేదు. ఆ ఆదివారం చెబుతాడని తమ్ముడు చూశాడు, పై ఆదివారమూ చూశాడు. మళ్ళీ కోపం వచ్చింది. సోమవారం మధ్యాహ్నం పొట్టులో కూర్చుని ఆ మాట కూడా దేవుడికే చెప్పాడు. కొన్ని సోమవారాలు అలాగే గడిచాయి.

వానలు పట్టిన రోజుల్లో ఒకనాడు ఇద్దరూ క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. అన్న మోకాలి నొప్పి గురించి ఏకరువు పెడుతున్నాడు. పొద్దుటినుంచి తనకు అన్న మీద కోపం గుర్తే రాలేదని చిన్న మేస్త్రికి ఉన్నట్టుండి తట్టింది.

"రాత్రి పడుకునే ముందు వేడినీళ్ళ కాపడం పెట్టించుకో" అన్నాడు. "మోకాలి పేరు చెప్పి బరువు చెక్కలన్నీ నాకు అంటగట్టావంటే మాత్రం ఊరుకోను."

అన్న ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటూ, "పెద్ద చెక్కలు నేనే మోస్తాలేరా" అన్నాడు.