సర్జాకు హారతి

లీలాబాయికి కడుపు కోసి గర్భసంచి తీసేశారని తెలియని మనిషి ఊళ్లో మిగల్లేదు. భైంసా అవతల పల్లెలో ఏం దాగుతుంది గనక? నిర్మల్ ఆసుపత్రి నుంచి జీపులో వచ్చి ఆమె అరుగెక్కేసరికే సగం వాడ చూసేసింది. మిగతా సగానికి ఆడబిడ్డ ప్రమోదిని చెప్పింది. తమ్ముడి భార్యకు ఆపరేషన్ అయిందని సాయానికి కరీంనగర్ నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి. వచ్చినందుకు పుణ్యమే, కాదనలేం. కాని సాయం చేయడానికి వచ్చిందా, పెత్తనం చేయడానికి వచ్చిందా అన్నది రెండోనాటికే తేలిపోయింది.

బరువులెత్తొద్దు, వంగొద్దు, మూడు నెలలు జాగ్రత్త అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. లీలాబాయి బుద్ధిగా మంచం మీదే ఉంది. ఇంతలో పోలా పండుగ ముంచుకొచ్చింది.

ఆ వైపు ఎద్దుల పండుగంటే మాటలు కాదు. శ్రావణ అమావాస్య నాడు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. కడిగి, కొమ్ములకు రంగులేసి, నడుము మీద జూలు అనే రంగుల గుడ్డ కప్పి, సాయంత్రం హనుమాండ్ల గుడి చుట్టూ తిప్పుతారు. ఇంటికి రాగానే ఇల్లాలు గడప ముందు దాని కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, హారతిచ్చి, బొబ్బట్టులాంటి పోలె తినిపించాలి. ముందురోజే మెడకు వెన్నా పసుపూ రాసి, రేపు మా ఇంటికి బువ్వకు రా అని పిలవాలి కూడా. పిలిచిన చెయ్యే పెట్టాలని అక్కడి ఆనవాయితీ.

లీలాబాయి లేవలేదు గనక జీతగాడు నాగయ్య ఇంటి ఎద్దు సర్జాను ఆమె కిటికీ దగ్గరికే తోలుకొచ్చాడు. "మీరు పిలువకుంటె ఎట్లమ్మా? గిది మిమ్ముల్నే దేవులాడుతున్నది" అన్నాడు. ఆమె ఊచల్లోంచి చెయ్యి చాపి మెడకు వెన్న రాసి, పిలిచింది. సర్జా ఆ చెయ్యి నాకింది. నాకదా మరి? కోడెగా ఉన్నప్పుడు విత్తులు కొట్టించి దాన్ని ఎద్దును చేసిన నాడు అది కొట్టంలో కూలబడి మేత ముట్టలేదు. వాపు మీద ఆముదం పసుపు పట్టించి, జొన్న అంబలి తాగించి లేపి నిలబెట్టింది లీలాబాయే.

పండుగ నాడు తెల్లవారగానే ప్రమోదిని మంచం దగ్గరికి వచ్చింది.

"లీలా, జర లేసి పూర్ణం రుబ్బరాదు? నీ చేతి పోలెలు లేకుంటె తమ్ముడు ముద్ద ముట్టడు."

"అత్తా, డాక్టరమ్మ వద్దన్నది గదా!" అంది కూతురు మనోరమ.

"కూసున్నకాడ రుబ్బుడు గూడ పనేనానే? నేను పచ్చి బాలెంతనుండి గంపెడు పోలెలు చేసిన. సచ్చిన్నా?"

లీలాబాయి భర్త వైపు చూసింది. లక్ష్మీకాంతరావు అరుగు మీద కూర్చుని దగ్గాడు. ఆయన అభిప్రాయం ఎప్పుడూ దగ్గులాగే వస్తుంది. అది అవునో కాదో పెళ్లయిన ఇన్నేళ్లకూ ఆమెకు అంతుపట్టలేదు. పండుగ పూట రచ్చ ఎందుకని లేచి రోటి దగ్గర పీట వేసుకుంది. పొత్రం తిప్పిన ప్రతిసారీ కుట్లు పడిన చోట చురుక్కుమంటుంటే పళ్లు బిగబట్టింది. మధ్యాహ్నానికి పోలెలన్నీ అయ్యాయి. అందరూ నెయ్యి పోసుకుని తిన్నారు. ఆహా, లీల చెయ్యంటే చెయ్యే అన్నారు. ఆమె మాత్రం జావ తాగింది.

సాయంత్రం మనోరమ చేత తల దువ్వించుకుని ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. అవతల చూస్తే ప్రమోదిని కూడా పట్టుచీర కట్టి హారతి పళ్లెం సర్దుతోంది.

"నువ్వు పండుకో లీలా. హారతి నేను పడ్త."

"గడపదాక నడువగల్గుత వదినె."

ప్రమోదిని గొంతు తగ్గించింది. "నడుసుడు గాదు. పాడిపంటల పండుగ. కడుపు తీసేసిన మనిషి మంగళారతి పడితే ఏం మంచిగుంటది? నాకైతే గా పట్టింపు లేదు. నలుగురు అంటరు."

లీలాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఔరా! పొద్దున పొత్రం తిప్పినప్పుడు అడ్డురాని కడుపు ఇప్పుడు పళ్లెం పట్టుకోవడానికి అడ్డొచ్చిందా? ఆమె చేసిన పోలె పనికొచ్చింది గాని, అది తినిపించే చెయ్యి పనికిరాకుండా పోయిందా? మళ్లీ భర్త వైపు చూసింది. ఆయన మళ్లీ దగ్గాడు.

డప్పులు దగ్గరపడ్డాయి. ఎర్రటి కొమ్ములతో సర్జా వచ్చి వాకిట్లో నిలబడింది. వాడంతా గోడల వెంట చేరింది. ప్రమోదిని పళ్లెంతో ముందుకు నడిచింది. వెనకాల లీలాబాయి ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఒక చేత్తో దర్వాజా పట్టుకుని గడపలో నిలబడింది.

"నాగయ్యా! సర్జా ఎద్దా, కోడెనా?"

నాగయ్య తెల్లబోయాడు. "ఎద్దేనమ్మా."

"ఎద్దెట్లయింది?"

ఇంతమంది ఆడవాళ్ల ముందు ఎట్లా చెప్పడం? నాగయ్య తల గోక్కున్నాడు. "దొరే కొట్టిచ్చిండు గదమ్మా... విత్తులు."

"విన్నరా వదినె? దీనికి మీ తమ్ముడే విత్తులు కొట్టిచ్చిండు. ఇగ గిది దూడను పుట్టిస్తదా? అయినా కొమ్ములకు రంగులేసి, డప్పులు కొట్టి ఊరేగిస్తున్నరు. కాళ్లు మొక్కుతున్నరు. పంటకు గిదే దిక్కంటున్నరు. నా కడుపుల గడ్డ లేస్తే కోసి తీసేసిండ్రు. నేనెట్ల పనికిరాకుంట పోయిన?"

గోడ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రమోదిని ముఖం కందగడ్డయింది.

"అయ్యో రామ! మనిషివైయుండి ఎద్దుతోని సరి చూసుకుంటవా?"

"సరెట్లయిత వదినె? పుండు మానేదాక దాని మెడ మీద కాడి వెట్టలే. నన్ను మానకముందే రోటికాడ కూసోవెట్టిండ్రు!"

డప్పులవాళ్లు చేతులాపారు. లక్ష్మీకాంతరావుకు గొంతులో దగ్గు వచ్చింది. లీలాబాయి చూసిన చూపుకు దాన్ని మింగేశాడు. లేచి వచ్చి, "ఇటియ్యక్కా" అని పళ్లెం తీసుకుని భార్య చేతికిచ్చాడు.

ఆమె వంగలేదు. ఆ సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. చెంబందుకుని, ధోవతి ఎగగట్టి, ఊరందరి ముందు కింద కూర్చుని తనే సర్జా కాళ్లు కడిగాడు. లీలాబాయి బొట్టు పెట్టి, హారతిచ్చి, పోలె నోటికందించింది. సర్జా ఒక్క నములుకు మింగి, ఇంకోదాని కోసం ఆమె కొంగు పట్టుకుని లాగింది.

పళ్లెం మనోరమకిచ్చి, లీలాబాయి లోపలికి తిరిగింది. గడప దాటుతూ భర్తతో అంది:

"కాళ్లు కడుగుడైనంక రోలు గూడ కడుగుర్రి. నా పుండు మానేదాక పొత్రం తిప్పుడు మీ వంతే."