రెండో తాళంచెవి

నేను ఒక తాళం కప్పను. ఇత్తడి ఒళ్లు, ఉక్కు కొక్కెం. నాకు అనుమానం జబ్బని కొందరంటారు. జబ్బు కాదు, జీవనోపాధి. మనుషులు ఒకళ్లనొకళ్లు నమ్ముకున్న రోజున నన్ను పోతపోసేవాడు పస్తులుంటాడు.

పుట్టింది అలీగఢ్‌లో ఒక ఇరుకు సందులో. నన్ను ఆకురాయితో రుద్ది నునుపు చేసిన ముసలాయన రెండు తాళంచెవులతోనూ తెరిచి, మూసి, రెండింటినీ తీగతో నా మెడకు కట్టి పెట్టెలో పడేశాడు. ఒకటి పోతే రెండోది పనికొస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. మొదటిది పోనంతకాలం ఆ రెండోది ఎవరి దగ్గర ఉండాలన్న సంగతి మాత్రం కొనేవాళ్లు అడగరు.

విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో నన్ను కొన్నది ఇద్దరు అన్నదమ్ములు, తమ బియ్యం గోదాముకు. తమ్ముడు నన్ను వేసి వెళ్లాక అన్న వచ్చి లాగి చూసేవాడు. అన్న ఎందుకొచ్చాడో కనుక్కోవడానికి తమ్ముడు మళ్లీ వచ్చేవాడు. గోదాములోకి దొంగలెవరూ రాలేదు కానీ అన్నదమ్ములు విడిపోయారు. పంపకాల్లో ఎవరికీ అక్కర్లేని సామానుతో పాటు నేను వాళ్ల మేనత్త వరహాలమ్మ ఇంటికి చేరాను.

వరహాలమ్మది మద్దిలపాలెం వెనక వీధిలో ఇల్లు. భర్త పోర్టులో పనిచేసి పోయాడు. కింద ఆవిడ ఉంటుంది, డాబా మీది గది అద్దెకిస్తుంది. నన్ను ఆ గది తలుపుకు వేసింది. ఒక చెవి అద్దెకున్నవాళ్లకు, రెండోది ఆవిడ బొడ్లో దోపుకున్న చిన్న సంచిలో. అద్దెకున్నవాళ్లు బయటికెళ్లాక మెట్లెక్కి వచ్చి నన్ను తెరిచేది. ఫ్యాన్ ఆపారో లేదో చూడ్డానికని తనకు తానే చెప్పుకునేది. ఫ్యాన్ చూడ్డానికి బీరువా తలుపు ఎందుకు తీయాలో నాకు అర్థమయ్యేది కాదు. అయినా నేనేం చేయగలను? సరైన చెవి పెడితే తెరుచుకోవడమే నా పుట్టుక.

ఆ గదిలోకి ఒక జూన్‌లో తవోంగా వచ్చింది. ఆఫ్రికాలో మలావీ దేశపు పిల్ల. ఆ పేరుకు వాళ్ల భాషలో కృతజ్ఞత చెప్పుకోవడమని అర్థం. ఆ పిల్లకు ఏది ఇచ్చినవాళ్లయినా తిరిగి ఆ మాటే ఆశించేవారు. ఆ దేశంలో ఒకప్పుడు ఎవరో ఫీజు కడితే చదువుకున్నవాళ్లు కొందరు కలిసి ఒక సంస్థ పెట్టుకున్నారు. చదువు ఆగిపోయే పిల్లల్ని వెతికి, ఫీజు కట్టి, ఎక్కడ చదివితే అక్కడ తోడుగా ఒక పెద్దమనిషిని చూస్తారు. ఆ మనిషిని మెంటర్ అంటారు. విశాఖలో తవోంగాకు మెంటర్‌గా ఉంటానని ఒప్పుకున్నది పీలా కృష్ణకుమారి, మహిళా కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన లెక్చరర్.

గది దొరకడం తేలిక కాలేదు. పిల్ల రంగు చూసి అప్పుడే అద్దెకు ఇచ్చేశామన్న ఇళ్లు ఆ వీధిలోనే చాలా ఉన్నాయి. వరహాలమ్మ మాత్రం, "మీరు పూచీ అంటే ఇస్తానండి మేడంగారూ. ఏటైనా తేడా వస్తే ముందు మీకే సెప్తాను," అంది.

"నాదే పూచీ," అంది కృష్ణకుమారి.

ఆ సాయంత్రమే కృష్ణకుమారి డాబా మీద తవోంగా భుజం చుట్టూ చెయ్యేసి ఫొటో తీయించుకుంది. అది కాలనీ వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది. కింద రాసిన మాట ఏమిటని తవోంగా వరహాలమ్మను అడిగింది.

"నువ్వు ఆవిడికి దత్తపుత్రికవట," అంది వరహాలమ్మ, వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆ రోజు తవోంగా నన్ను వేశాక మామూలుగా వదల్లేదు. రెండుసార్లు కిందికి లాగి చూసింది. ఇన్నాళ్లకు నాలాంటి మనిషి దొరికిందనుకున్నాను.

ఆ అనుమానానికి కారణాలు నాకు తర్వాత తెలిశాయి. డాబా మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసినప్పుడు, స్నేహితురాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడినప్పుడు, అన్నీ నా ముందే. వాళ్ల ఊరికి దాతలు చాలామంది వచ్చారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు, చదివిస్తామన్నారు, మళ్లీ కనిపించలేదు. ఒకాయన చేతిపంపు వేయించాడు. ఏడాదికే చెడిపోయింది. బాగుచేయడం ఊళ్లో ఎవరికీ రాదు. పంపు మీద దాత పేరు మిగిలింది, నీళ్లు మిగల్లేదు. ఆ పంపు చూసే తవోంగా సివిల్ ఇంజినీరింగ్‌లో చేరింది. బయల్దేరేటప్పుడు వాళ్ల నానమ్మ ఒక మాట చెప్పిందట. ఊరికే ఇచ్చేవాడి ఇచ్చే చెయ్యి చూడకు, రెండో చెయ్యి ఎక్కడుందో చూడు అని.

ఆ రెండో చెయ్యి ఎక్కడుందో తవోంగాకు త్వరలోనే అనుమానం వచ్చింది. మంచం మీద మడిచిన దుప్పటి వేరేగా మడిచి ఉంటోంది. కిటికీ దగ్గర పెట్టిన దువ్వెన బల్ల మీదికి వస్తోంది. కాలేజీకి వెళుతూ తలుపు సందులో అగ్గిపుల్ల దూర్చింది. వచ్చేసరికి అది కింద పడి ఉంది. నాకు నోరుంటే చెప్పేవాణ్ణి. ఆ పిల్ల నన్ను అరచేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, నేను కూడా వాళ్ల మనిషినేనన్నట్టు వదిలేసింది.

వరహాలమ్మను కాదు, ఆ పిల్ల అనుమానించింది కృష్ణకుమారినే. నెలనెలా సంస్థకు తన గురించి చెప్పేది ఆవిడ. మెంటర్ ఫిర్యాదు చేస్తే సాయం ఆగిపోతుంది. సాయం ఆగితే తిరిగి ఊరెళ్లి పొగాకు చేలలో కూలికే. కాబట్టి ఆవిడ వచ్చినప్పుడల్లా తవోంగా నవ్వుతూ మర్యాదగా మాట్లాడేది, ఒక్క నిజం కూడా చెప్పేది కాదు. లెక్కల పేపరు పోతుందేమోనని భయంగా ఉన్నా బాగా చదువుతున్నానని చెప్పేది. కృష్ణకుమారి సంతోషంగా మెట్లు దిగి వెళ్లేది. లెక్కలు చెప్పగలిగిన మనిషి, లెక్కలు రాని పిల్ల ఎదురెదురుగా కూర్చుని వాతావరణం గురించి మాట్లాడుకోవడం నేను చాలాసార్లు చూశాను.

వానలు తగ్గాక వరహాలమ్మ మళ్లీ ఫ్యాన్ చూడ్డానికి వచ్చింది. ఈసారి మంచం కింద పాలపొడి డబ్బా కనిపించింది. మూత తీస్తే తెల్లటి మెత్తటి పొడి, పాలవాసన లేదు. ఆవిడ రోజూ టీవీ చూస్తుంది. మూత పెట్టేసి, నన్ను వేసి, మెట్ల మీదే ఫోన్ చేసింది.

"మేడంగారూ, నానేటీ అనటం లేదండి. గానీ టీవీలో సూపిత్తన్నారు కదండీ, అలాటి పొడుమే. డబ్బాడుంది. మీరు పూచీ ఉన్నారు కదా, ఓపాలి వచ్చి సూడండి."

కృష్ణకుమారి ఆ పిల్లనే అడుగుతుందనుకున్నాను. చదువుకున్న మనిషి, పైగా కూతురని ఊరంతా చెప్పుకున్న మనిషి. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ వచ్చింది, తవోంగా కాలేజీలో ఉండే వేళ చూసుకుని. వరహాలమ్మ చెవి తిప్పింది. నేను తెరుచుకున్నాను.

ఆ రోజు కాలేజీలో ల్యాబ్ రద్దయింది. తవోంగా తొందరగా వచ్చేసింది. తలుపు బార్లా తెరిచి ఉంది. నేను గొళ్లేనికి వేలాడుతున్నాను, నాలో వేరే చెవి. లోపల వరహాలమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. కృష్ణకుమారి నేలమీద కూర్చుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని, వేలిమీది పొడిని వాసన చూస్తోంది.

తవోంగా గుమ్మం బయట చెప్పులు విప్పింది, తన గదికి తానే చుట్టంగా వచ్చినట్టు.

"వాసనతో తెలియదు మేడమ్. రుచి చూడండి," అంది.

కృష్ణకుమారి వేలు నోట్లో పెట్టుకోలేదు. పెట్టుకోకపోవడం ఆ పిల్ల చూసింది.

"మొక్కజొన్న పిండి," అంది తవోంగా. "మా నానమ్మ దంచి పంపింది."

"మొక్కజొన్నయితే పసుప్పచ్చగా ఉండాల కదమ్మా," అంది వరహాలమ్మ.

"మా దగ్గర తెల్లగా ఉంటుంది ఆంటీ."

వరహాలమ్మ వంగి చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. కాసేపు నమిలింది. "పిండేనండి మేడంగారూ. ముక్కిపోయింది, ఎండలో పెట్టాల," అంది.

తవోంగా నవ్వలేదు. నాలోంచి చెవి లాగి అరచేతిలో పెట్టుకుని ఇద్దరికీ చూపించింది. "ఇది ఎవరిది?" అని అడిగింది. జవాబు కోసం ఆగలేదు. డాబా మీదికి వెళ్లి, వాళ్ల సంస్థలో పిల్లల వ్యవహారాలు చూసే చిర్వాకు ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది. జరిగింది నాలుగు మాటల్లో చెప్పింది. ఇంగ్లీషులోనే, గొంతు వణక్కుండా.

"మేడమ్, ఈ అమ్మాయి మీద మీకు ఫిర్యాదు ఏమైనా ఉందా?" అని అడిగాడు చిర్వా.

ఇక్కడ కృష్ణకుమారి ఏం చెబుతుందో నాకు తెలుసనుకున్నాను. బాగోగులు చూడ్డానికి వెళ్లానంటుంది. పిల్ల అపార్థం చేసుకుందంటుంది. ఆవిడ మాటకు అక్కడ విలువ, పిల్ల మాటకు కాదు.

"లేదండీ," అంది కృష్ణకుమారి. "తను లేనప్పుడు నేను తలుపు తీయించాను. తనని అడగాలని తోచలేదు. కాదు, తోచింది. అడిగితే నిజం చెప్పదనుకున్నాను."

"తవోంగా, నీకు వేరే మెంటర్ కావాలా?" అని అడిగాడు చిర్వా.

తవోంగా కృష్ణకుమారి వైపు చూసింది. ఆ చూపులో జాలి లేదు. బజారులో పనికొచ్చే వస్తువేదో ఎంచే చూపు.

"వద్దు సర్. నాకు ఫ్లూయిడ్ మెకానిక్స్ లెక్కలు రావు. ఈవిడకు లెక్కలు వచ్చు. నాకు అమ్మ ఉంది, ఇంకో అమ్మ వద్దు. లెక్కలు చెప్పే మనిషి కావాలి. నా గదిలోకి మాత్రం రాకూడదు."

"ఒప్పుకుంటారా మేడమ్?"

"ఒప్పుకుంటాను," అంది కృష్ణకుమారి. వాట్సాప్‌లో ఫొటో తీసేయమని ఎవరూ అడగలేదు. తనే తీసేసింది.

రెండో చెవి తవోంగా దగ్గరే ఉండిపోయింది, వరహాలమ్మ తిరిగి అడగలేదు. అంతకుముందే ఇంకోటి చేయించుకుందా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే.

అప్పటి నుంచి వారానికి మూడు సాయంత్రాలు డాబా మీద చదువు. కృష్ణకుమారి తన కుర్చీ తానే మోసుకొచ్చుకునేది. మొదట్లో ఇద్దరి మధ్యా లెక్క తప్ప మరో మాట లేదు. తవోంగా ఎక్కడ ఆగిపోయిందో చూస్తే, అసలు రెండేళ్ల కిందటి పాఠమే రాదని తేలింది. కృష్ణకుమారి నిట్టూర్చలేదు. అక్కణ్ణుంచే మొదలుపెట్టింది.

ఒక రోజు లెక్క మధ్యలో ఆపి ఆవిడ తన సంగతి చెప్పింది. చిన్నప్పుడు ప్రభుత్వ హాస్టల్లో చదివింది. తిండీ బట్టా ఊరికే వచ్చే పిల్లలు కాబట్టి వార్డెనమ్మ ఆదివారం ఆదివారం ట్రంకు పెట్టెలు తెరిపించేది. ఒకసారి వీళ్లమ్మ ఇచ్చిన చింతపండు ఉండ దొరికితే, దొంగసొత్తులా పైకెత్తి అందరికీ చూపించిందట. ఆ రోజు పడ్డ సిగ్గు ఇంకా పోలేదంది.

నేను కరిగాను. ఇత్తడికి అంతకంటే చేతకాదు. తవోంగా కరగలేదు.

"అంటే మీకు తెలుసు. తెలిసి కూడా తీయించారు," అంది.

"అవును," అంది కృష్ణకుమారి. ఇద్దరూ మళ్లీ లెక్కలోకి వెళ్లారు.

ఆ ఏడాది ఆ పేపరు తవోంగా గట్టెక్కింది. మంచి మార్కులేం కాదు, కానీ పాసైంది. ఆ కబురు చెప్పిన సాయంత్రం వాన పట్టుకుంది. కృష్ణకుమారి కుర్చీ మడిచి మెట్ల వైపు నడవబోయింది.

"తడుస్తారు, లోపలికి రండి," అంది తవోంగా.

ఆవిడ గుమ్మం దగ్గర నిలబడిపోయింది. "పరవాలేదు, గొడుగుంది," అంది. గొడుగు లేదు.

"మేడమ్, నేనే పిలుస్తున్నాను."

ఆవిడ లోపలికి వెళ్లింది. జల్లు కొడుతోందని తవోంగా తలుపు మూసింది. నేను బయట గొళ్లేనికి వేలాడుతూ తడిశాను. లోపల ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. ఒక్కసారి మాత్రం గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. కృష్ణకుమారి వెళ్లిపోయాక తవోంగా దుప్పటి మడత సరిచూసుకుంది. అది నేను కళ్లారా చూశాను.

చదువయ్యాక తవోంగా తన దేశం వెళ్లి నీటి సరఫరా శాఖలో చేరింది. సముద్రపు గాలికి నా కడుపు తుప్పుపట్టింది. వరహాలమ్మ నన్ను విప్పి మెట్ల కింద పాత ఇనుప సామాను బుట్టలో పడేసింది. ఆ మెట్ల మీదే కూర్చుని కృష్ణకుమారి ఒకనాడు తవోంగాతో ఫోన్‌లో మాట్లాడింది. వయసు మీదపడి వినపడక స్పీకర్ పెట్టుకుంది. ఇప్పుడు తవోంగా కూడా ఒక అమ్మాయికి మెంటర్. పన్నులు, పంపులు, జీతాలు అన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గించింది.

"ఆ పిల్ల నవ్వుతూ మర్యాదగా మాట్లాడుతుంది మేడమ్. నా దగ్గర ఏదో దాస్తోంది. ఏం చేయమంటారు?"

"దాచుకోనీ," అంది కృష్ణకుమారి.

"సరే మేడమ్," అని అవతలి నుంచి వినిపించింది. ఆ సరేలో నమ్మకమెంతో నాకు అనుమానమే.