మీట నొక్కితే మామగారి గొంతు

మామగారి కళ్లద్దాలు తుడవడం ఉమకు ఆ పొద్దున అది మూడోసారి. "వేలిముద్ర పడ్డది, కనిపిస్తలేదా?" అని భర్త నరేందర్ రెండుసార్లు వెనక్కి పంపాడు. మామగారు, కవి కురుమూర్తి, 2002లో కన్నుమూశాడు. నాలుగేళ్లకు, వనపర్తిలో ఆయన బతికిన ఈ ఇంటినే మ్యూజియం చేశారు. ముందు గదుల్లో ఆయన కుర్చీ, కలం, చేతికర్ర, కరువు రోజుల్లో బొంబాయికి వలసపోయిన పాలమూరు జనం ఫోటోలు. వెనక వంటింట్లో ఉమ, అత్తమ్మ నర్సమ్మ. ప్రతి ఫోటో కింద చీటీ రాసింది ఉమే. అత్తమ్మ ఫోటో దగ్గర మాత్రం "పేరెందుకు? కవిగారి ధర్మపత్ని అని రాయి, చాలు" అన్నాడు నరేందర్. రాసింది. ఎదురు చెబితే ఏమవుతుందో ఉమ ఎడమ చెవికి తెలుసు. నిరుడు పడ్డ దెబ్బకు ఆ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు.

పదింటికి మ్యూజియం ప్రారంభించడానికి కలెక్టర్ వస్తాడు. "అమ్మకు పట్టుచీర కట్టి నాయిన కుర్చీ పక్కన కూసోబెట్టు. నాయిన గురించి రెండు మంచి మాటలు చెప్పాలె" అన్నాడు నరేందర్. ఉమ అత్తమ్మకు చీర కట్టి ముగించేసరికి, స్పీకర్లు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి అతను మీట నొక్కాడు.

మామగారి గొంతు ఇల్లంతా నిండింది. ఆడది ఎవరి బానిసా కాదని చాటే గేయం అది. బడిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఆ గొంతు వినగానే నర్సమ్మ చేతిలోని గిన్నె వదిలేసింది. వంటింటి మూలకు పోయి ముడుచుకుని, రెండు చేతులూ నెత్తిమీద అడ్డం పెట్టుకుంది. భయానికి మూత్రం పడిపోయి, పట్టుచీర తడిసి నేల మీదికి పారింది.

"అత్తమ్మా, క్యాసెట్ అది. మామ లేడు."

"కర్ర యాడ వెట్టిండో చూడు బిడ్డా" అంది నర్సమ్మ, పెదవులు కదిలీ కదలకుండా.

ఉమ ముందు గదిలోని చేతికర్ర వైపు చూసింది. ఆ కర్రకు నిన్ననే నూనె రాసి మెరిసేదాకా తుడిచింది తనే. మామ పోయాకే ఈ ఇంటికి కాపురానికి వచ్చిన ఉమ, నాలుగేళ్లుగా అత్తమ్మ మౌనాన్ని గర్వమనుకుంది. ఇంకో ముప్పై ఏళ్లకు ఈ మూలలో కూర్చునేది ఎవరో ఇప్పుడు స్పష్టంగా కనిపించింది.

నరేందర్ అడుగులు దగ్గరకొచ్చాయి. ఉమ గడియ పెట్టింది.

"తలుపు తియ్యి! ఏం చేస్తున్రు లోపల? తియ్యమంటున్న!"

నర్సమ్మ ఉమ కొంగు పట్టుకుంది. "ఆయనేనా?"

"కాదు అత్తమ్మా. నీ కొడుకు."

ముసలామె కాసేపు ఆ గొంతునే విన్నది. "నేనంటే యాడికి పోవాల్నో తెల్వక ఉన్న. నువ్వు ఉండకు బిడ్డా."

బయట కలెక్టర్ జీపు ఆగిన చప్పుడు. నరేందర్ అడుగులు వీధివైపు పరుగెత్తాయి. ఉమ అత్తమ్మకు పొడిచీర చుట్టింది. "ఇద్దరం పోదాం. కొత్తకోటల మా అక్క ఉన్నది."

పెరటి తలుపు తీశారు. సందు మలుపు దాకా స్పీకర్ల గేయం వెంటపడింది. బస్టాండులో ప్రతి స్కూటర్ చప్పుడుకూ ఉమ తల దించుకుంది. కొత్తకోట బస్సు ఎక్కి కూర్చున్నాక కూడా డ్రైవర్ ఎంతకీ రాలేదు. అక్క తలుపు తీస్తుందో లేదో తెలియదు. నరేందర్ రేపటికల్లా అక్కడికి వస్తాడని మాత్రం తెలుసు. ఉమ అత్తమ్మ చేయి పట్టుకుంది. చివరికి డ్రైవర్ వచ్చాడు, బస్సు కదిలింది. దిగుదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.